బస్టాపుకి మేయర్‌నయిన రోజులు

2011లో ఐదు నెలల పాటు నేను మాదాపూర్‌లో ఒక బస్టాపుకి మేయర్‌ని. నవ్వకండి. జీహెచ్‌ఎంసీ లెక్కల్లో లేకపోవచ్చు గానీ, నా ఫోన్లో చిన్న కిరీటం బొమ్మతో సహా ఉండేది.

ఫోర్‌స్క్వేర్ అనే యాప్ కొందరికైనా గుర్తుండాలి. 2009లో డెన్నిస్ క్రౌలీ, నవీన్ సెల్వదురై అనే ఇద్దరు అమెరికాలో మొదలుపెట్టారు. ఎక్కడికైనా వెళ్ళగానే ఫోన్ తీసి 'ఇదిగో ఇక్కడున్నా' అని చెక్-ఇన్ కొట్టాలి. గత 60 రోజుల్లో ఒక చోట అందరికంటే ఎక్కువ రోజులు చెక్-ఇన్ కొట్టినవాడు ఆ చోటికి మేయర్. నేను పొద్దున్నే ఎస్‌ఆర్ నగర్‌లో 10హెచ్ ఎక్కి, ఫుట్‌బోర్డు మీద వేలాడుతూ వెళ్ళి, మాదాపూర్‌లో దిగి చొక్కా సరిచేసుకునే లోపే చెక్-ఇన్ కొట్టేసేవాణ్ణి. నాకు పోటీ ఒకడుండేవాడు. ఫొటోలో నల్లకళ్ళద్దాలు, వెనకాల హుస్సేన్ సాగర్ బుద్ధుడు. అసలు పేరు తెలియదు. నాకు జ్వరమొచ్చి వారం రోజులు పడుకుంటే పదవి లాగేసుకున్నాడు. తిరిగి తెచ్చుకోవడానికి ఒక ఆదివారం, ఆఫీసు లేకపోయినా, పనిగట్టుకుని బస్సెక్కి వెళ్ళి చెక్-ఇన్ కొట్టి వచ్చాను. మా రూమ్మేట్లు దీని గురించి ఇప్పటికీ పెళ్ళిళ్ళలో చెప్పుకుని నవ్వుతారు. రోజూ ఆ బస్టాపులో నాతో పాటు దిగేవాళ్ళలో అతనెవరో అని వెతికేవాణ్ణి, ఫోన్ చేతిలో ఉన్న ప్రతివాడి మీదా అనుమానమే. ఎప్పటికీ తెలియలేదు.

ఇప్పుడు వెనక్కి తిరిగి చూస్తే నన్ను గుచ్చేది వేరే సంగతి. నేను రెండేళ్ళు రాత్రిళ్ళు పడుకున్నది ఎస్‌ఆర్ నగర్‌లో, ఒక కర్రీ పాయింట్ పైన ఉన్న బాయ్స్ హాస్టల్లో, గదికి నలుగురం. పప్పు, దొండకాయ వేపుడు వాసనలో నిద్రలేచేవాళ్ళం. అక్కడ నాది ఒక్క చెక్-ఇన్ కూడా లేదు. మాదాపూర్, నెక్లెస్ రోడ్, ప్రసాద్స్ ఐమాక్స్, బంజారాహిల్స్‌లో ఒక్కసారే వెళ్ళిన కాఫీ షాపు. ఎవరైనా ఆ లిస్టు చూసి నన్ను ఊహించుకుంటే కారున్న కుర్రాడు కనిపిస్తాడు. బతికిన ఊరు ఒకటి, చూపించిన ఊరు ఒకటి. అబద్ధం ఒక్కటీ చెప్పలేదు, కానీ మొత్తం కలిపితే అబద్ధమే.

ఇలా ఏరుకుని చూపించుకోవడానికి రాజ్ ష్వార్ట్జ్, జర్మైన్ హేలెగువా అనే ఇద్దరు పరిశోధకులు 'స్పేషియల్ సెల్ఫ్' అని పేరు పెట్టారు. చెక్-ఇన్‌లను మనిషి కదలికల లెక్కగా చదవకూడదని, తను ఎలాంటివాడో చెప్పుకోవడానికి ఏరుకున్న చోట్లుగా చదవాలని వాళ్ళ వాదన. ఒప్పుకుంటాను. నా బస్టాపు దానికి సాక్ష్యం. కానీ ఇదేదో ఫోన్లు వచ్చాక పుట్టిన జబ్బు అన్నట్టు మాట్లాడేవాళ్ళను చూస్తే నాకు మన ఇంటిపేర్లు గుర్తొస్తాయి.

తెలుగువాడికి లొకేషన్ ట్యాగ్, అంటే ఫలానా చోటని చెప్పే గుర్తు, పుట్టుకతోనే ఉంటుంది. చెరుకూరు నుంచి వచ్చినవాళ్ళు చెరుకూరి వారు, గరికపాడు వదిలి వచ్చినవాళ్ళు గరికపాటి వారు. ఊరు అన్నది 'ఊరి' అయ్యేసరికి 'ఆ ఊరికి చెందిన' అనే అర్థం పేరులోకి వచ్చి కూర్చుంది. ఇందులో ఒక తమాషా ఉంది. ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ ఆ పేరుతో పని లేదు. చెరుకూరులో అందరూ చెరుకూరు వాళ్ళే కదా! వదిలేసి ఇంకో ఊరికి వెళ్ళాకే అక్కడివాళ్ళు 'ఎవరు, ఆ చెరుకూరి వాళ్ళా' అన్నారు. అంటే ఆ ట్యాగ్ మనం పెట్టుకున్నది కాదు, పక్కవాళ్ళు పెట్టింది, అదీ వదిలేసిన చోటి పేరు మీద. మా ఇంటిపేరు కూడా ఒక ఊరి పేరే. ఆ ఊరు ఎలా ఉంటుందో మా నాన్న చూడలేదు, తాత చూడలేదు. అయినా ఆధార్ కార్డులో మొదటి మాట అదే.

ఫోన్లో పెట్టే ట్యాగ్ దీనికి సరిగ్గా ఎదురు. మనమే పెట్టుకుంటాం, వెళ్ళిపోయిన ఊరిది కాకుండా చేరాలనుకున్న ఊరిది పెట్టుకుంటాం.

నా స్నేహితుడొకడు సినిమాల్లో అసిస్టెంట్ డైరెక్టర్. కృష్ణానగర్‌లో అద్దె గది. అవకాశాల కోసం వచ్చినవాళ్ళు, జూనియర్ ఆర్టిస్టులు, లైట్‌మెన్ ఎందరో ఉండే పేట అది. పక్కనే కొండెక్కితే జూబ్లీహిల్స్. వాడు పదేళ్ళుగా పెట్టే ప్రతి ఫొటోకీ ట్యాగ్ ఒకటే, ఫిల్మ్‌నగర్. మొదట్లో ఏడిపించేవాణ్ణి. ఒకరోజు టీ తాగుతూ నిదానంగా చెప్పాడు. "కృష్ణానగర్ అని పెడితే వెతుక్కుంటున్నవాడు అనుకుంటార్రా. ఫిల్మ్‌నగర్ అని పెడితే పని దొరికినవాడు అనుకుంటారు. పని దొరికినవాడికే ఫోన్ చేస్తారు." ఇంక ఏడిపించడం మానేశాను. చిన్న అబద్ధమే కావచ్చు, దానితో కడుపు నిండుతోంది. పరిశోధకులు ఏరుకోవడం అంటే అందరికీ ఒకే రకం స్వేచ్ఛ ఉన్నట్టు వినిపిస్తుంది. వాడికి ఏరుకోవడానికి ఉన్న చోట్లు రెండే.

మా అక్క సంగతి ఇంకోటి. ఏ హోటల్‌కి వెళ్ళినా, ఏ గుడికి వెళ్ళినా ఇంటికి చేరి తలుపు గడియ వేశాకే ఫొటో పెడుతుంది. "ఎక్కడున్నానో ఎవడికి పడితే వాడికి ఎందుకు చెప్పాలి?" అంటుంది. తనకి తెలిసిన ఆడవాళ్ళు చాలామంది ఇంతేనట. వాళ్ళ ట్యాగ్‌లో చోటు నిజం, వేళ అబద్ధం. 'ఇప్పుడు ఇక్కడ' అన్న మాటలో 'ఇప్పుడు' అనేది మగవాళ్ళ సొత్తని నాకు అంతకు ముందు తట్టలేదు.

రియల్ ఎస్టేట్ వాళ్ళ ట్యాగుల గురించి మాట్లాడితే వ్యాసం పక్కదారి పడుతుంది గానీ, ఒక్క మాట. కోకాపేటలో 2023 ఆగస్టు వేలంలో ఎకరం 100 కోట్లు దాటాక చుట్టూ ఉన్న ప్రతి వెంచరూ కోకాపేటకి 'పది నిమిషాలే'. ఔటర్ రింగ్ రోడ్డు అవతల ఫ్లాట్ కొన్న మా కొలీగ్ గృహప్రవేశం ఫొటోలకి 'ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్' అని పెట్టాడు. వెళ్ళడానికి మాకు గంటా పావు పట్టింది.

అందరూ ఇలా చేరాలనుకున్న చోట్లనే ట్యాగ్ చేస్తే ఊరికి ఏమవుతుంది? నా ఫిర్యాదు మొదలయ్యేది ఇక్కడే. హైదరాబాద్‌కి రెండు పటాలు తయారయ్యాయి. ఒకదానిలో చార్మినార్, కేబుల్ బ్రిడ్జి, ట్యాంక్‌బండ్ మీద లవ్ హైదరాబాద్ బొమ్మ, ఇంకో ఇరవై కేఫ్‌లు. రెండోదానిలో మిగతా ఊరంతా.

నాతో పనిచేసే ఒకాయనది శాలిబండ. ఏడు తరాలుగా అక్కడే. రంజాన్ నెల వచ్చిందంటే మా ఆఫీసు మొత్తం రాత్రి పదింటికి కార్లలో బయల్దేరి హలీం తిని, చార్మినార్ ముందు ఫొటో దిగి ట్యాగ్ పెట్టి, తెల్లవారుజామున వెనక్కి వస్తుంది. (ఆ హలీంకి 2010లోనే జీఐ ట్యాగ్, అంటే ఫలానా ఊరిదనే గుర్తింపు, వచ్చింది, అది కూడా ఒక చెక్-ఇన్ లాంటిదే, తిండికి.) నువ్వెప్పుడూ చార్మినార్ ఎందుకు పెట్టవని ఆయన్ని అడిగాను. విచిత్రంగా చూశాడు. "మా ఇంటికి పొయ్యే తొవ్వ సార్ అది. తొవ్వను ఎవరన్న ట్యాగ్ చేస్తరా?" అన్నాడు. 1591 నుంచి ఉన్న కట్టడం మాకు దర్శనీయ స్థలం, ఆయనకి ట్రాఫిక్ తగిలే మలుపు. ఇద్దరిలో ఎవరిది చార్మినార్ అంటే నేను ఆయనకే ఓటేస్తాను. కానీ ఫోన్లో ఆ పేరు నొక్కితే కనిపించే వేల ఫొటోల్లో ఆయన లేడు, మేమున్నాం. ఆ ఫొటోలు చూసి వచ్చేవాళ్ళు మాలాగే నిలబడి మాలాగే ఫొటో దిగుతారు. అలా అలా ఆ చోటంటే ఆ ఒక్క కోణమే అయిపోతుంది.

దుర్గం చెరువుదీ అదే కథ. దుర్గం అంటే కోట. గోల్కొండ కోటకి తాగునీళ్ళు ఇచ్చిన చెరువని చెబుతారు, పేరులోనే ఆ చుట్టరికం ఉంది. 2020 సెప్టెంబర్‌లో దాని మీద కేబుల్ బ్రిడ్జి తెరిచారు. సెల్ఫీల కోసం బ్రిడ్జి మధ్యలో బళ్ళు ఆపుతుంటే పోలీసులు జరిమానాలు వెయ్యాల్సి వచ్చింది. ఇప్పుడు 'కేబుల్ బ్రిడ్జి దగ్గర చెరువు' అంటేనే జనానికి అర్థమవుతుంది. చెరువుకి బ్రిడ్జి ఆనవాలు! బ్రిడ్జి బాగోదని అనను. రాత్రి లైట్లలో నేనూ ఆగి చూసినవాణ్ణే, బండి ఆపకుండా, పక్కన నడిచే దారి మీద.

ఆ చుట్టుపక్కలే 2024 జనవరిలో కుమారి ఆంటీ సంగతి జరిగింది. ఏళ్ళ తరబడి రోడ్డు పక్కన భోజనం అమ్ముకుంటున్న ఆమె, 'రెండు లివర్లు ఎక్స్‌ట్రా' అన్న ఒక్క రీల్‌తో రాష్ట్రమంతా తెలిసిపోయింది. జనం ఎగబడ్డారు, ట్రాఫిక్ ఆగిపోయింది, పోలీసులు బండి తీసెయ్యమన్నారు, నెలాఖరులో ముఖ్యమంత్రే కలగజేసుకుని అక్కడే అమ్ముకోనివ్వమన్నారు. ఒక ప్లేటు అన్నం అమ్మే చోటు కోసం ముఖ్యమంత్రి దాకా వెళ్ళడం నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. ఆమెకి మంచే జరిగింది, సంతోషం. నేను గమనించింది మాత్రం క్యూలోవాళ్ళని. మా ఆఫీసు క్యాబ్ నడిపే అతను రోజూ ఆ రోడ్డు మీదే తినేవాడు. ఆ వారమంతా టిఫిన్ డబ్బా తెచ్చుకున్నాడు. "తినేటోళ్ళకన్నా వీడియో తీసేటోళ్ళు ఎక్కువున్నరు సార్" అన్నాడు. ఆకలేసి వచ్చేవాళ్ళ చోటు కాస్తా చూడ్డానికి వచ్చేవాళ్ళ చోటయింది. ఇది ఆమె తప్పూ కాదు, వచ్చినవాళ్ళ తప్పూ కాదు. ఒక చోటికి ట్యాగ్ తగిలితే, దాన్ని వాడుకునేవాళ్ళ మీద చూసేవాళ్ళది పైచెయ్యి అవుతుంది. నాకున్న అభ్యంతరం అంతా ఇంతే.

ఇదంతా మా మేనల్లుడికి చెబితే ఒప్పుకోలేదు. వాడికి ఇరవై రెండేళ్ళు. "మావయ్యా, మీరు లిబర్టీ దగ్గర దిగు, సంగీత్ దగ్గర కలుద్దాం అంటారు. ఎక్కడున్నాయి అవి? అవి కూడా అప్పట్లో అందరూ వెళ్ళి గొప్పగా చెప్పుకున్న సినిమా హాళ్ళే కదా? మీ తరం ట్యాగులు సినిమా హాళ్ళు, మా తరంవి కేఫ్‌లు. తేడా ఏముంది?" అన్నాడు.

గట్టి దెబ్బే. లిబర్టీ థియేటర్ లేదు, చౌరస్తాకి ఆ పేరుంది. సికింద్రాబాద్‌లో సంగీత్ కూల్చేసి ఎన్నేళ్ళో అయింది, బస్సు కండక్టర్ ఇంకా 'సంగీత్, సంగీత్' అనే అరుస్తాడు. లక్డీకాపూల్‌లో కర్ర వంతెన ఎక్కడుంది? ప్యారడైజ్ కూడా మొదట సినిమా హాలే, ఆ తర్వాత బిర్యానీ. హైదరాబాద్ అంతా లేనివాటి పేర్లతోనే నడుస్తోంది. వాడికి నేనిచ్చిన జవాబు ఒకటే. సంగీత్ పోయినా పేరు పోకపోవడానికి కారణం, ఆ పేరు దారి చెప్పడానికి పనికొచ్చింది. సినిమా చూడనివాడికి కూడా, టికెట్ కొనలేనివాడికి కూడా. కేఫ్ మూతపడిన రోజున దాని ట్యాగ్‌తో ఎవరు ఎవరికి దారి చెబుతారు? ఫోర్‌స్క్వేర్‌నే చూడు, 2014లో చెక్-ఇన్‌లు స్వార్మ్ అనే వేరే యాప్‌లోకి వెళ్ళాయి, 2024 డిసెంబర్‌లో అసలు యాప్ మూసేశారు. నా మేయర్ పదవి ఏమైంది? వాడు నవ్వాడు. "పదవి పోయిందని బాధా మావయ్యా?" అన్నాడు. కొంచెం.

అయితే వాడి వల్లే ఇంకో మాట ఒప్పుకోవాల్సి వచ్చింది. 2025 మార్చి చివర్లో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీని ఆనుకుని ఉన్న 400 ఎకరాల్లోకి బుల్డోజర్లు వచ్చినప్పుడు, ఆ చోటి పూర్తి పేరు నేను మొదటిసారి విన్నది ఫోన్లోనే. కంచ గచ్చిబౌలి. పదిహేనేళ్ళుగా గచ్చిబౌలి మీదుగా తిరుగుతున్నాను, దానికి ముందు 'కంచ' ఉందని తెలియదు. కంచ అంటే పశువులు మేసే బీడు. సర్వే కాగితాల్లో పడి ఉన్న ఆ పేరు నాలుగు రోజుల్లో ప్రతి ఫోన్లోకీ వచ్చింది. నెమళ్ళ వీడియోలు, జింకల ఫొటోలు, విద్యార్థుల అరుపులు. వాటిలో ఏఐతో చేసిన బొమ్మలు కలిసిన మాటా నిజమే. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పనులు ఆపమంది. ఒక్క హ్యాష్‌ట్యాగ్ వల్లే ఆగిందని నేననను, రోడ్డు మీద కూర్చున్న పిల్లలున్నారు, కోర్టుకెక్కినవాళ్ళున్నారు. కానీ ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ అనే పేరు కింద పూడిపోయిన ఒక పాత పేరుని తవ్వి తీసింది మాత్రం ఈ ట్యాగులే. మా మేనల్లుడు కూడా యూనివర్సిటీ గేటు దగ్గరికి వెళ్ళి, ఆ పేరుతో ఫొటో పెట్టాడు. వాడు పెట్టినవాటిలో నాకు నచ్చిన చెక్-ఇన్ అదొక్కటే.

మూడు నెలలు తిరక్కుండానే వాడు దాన్ని తీసేశాడు.

మన పిల్లల జీవితాన్ని నాలుగు ట్యాగుల్లో చెప్పేయొచ్చు. మొదటిది చిలుకూరు బాలాజీ గుడి, వీసా రావాలని మొక్కుకోవడానికి పదకొండు ప్రదక్షిణలు. రెండోది నానక్‌రామ్‌గూడ, అమెరికా కాన్సులేట్. మూడోది మళ్ళీ చిలుకూరు, మొక్కు తీరాక నూట ఎనిమిది. నాలుగోది శంషాబాద్ ఎయిర్‌పోర్ట్, 'ట్రావెలింగ్ టు డల్లాస్', చుట్టూ పాతికమంది బంధువులు. చిలుకూరు ట్యాగ్ పడితే చాలు, బంధువుల్లో ఎవరికీ వేరే చెప్పక్కర్లేదు, అందరూ చదివేసుకుంటారు. మావాడు మొదటి ట్యాగ్ దాకా వచ్చాడు. ఇంతలో 2025 జూన్‌లో అమెరికా వాళ్ళు, స్టూడెంట్ వీసాకి వచ్చేవాళ్ళు సోషల్ మీడియా ఖాతాలను అందరికీ కనిపించేలా తెరిచిపెట్టాలన్నారు. ఖాతాల పేర్లు ఫారంలో రాయడం 2019 నుంచే ఉంది. ఎవరో కన్సల్టెన్సీ అతను, ధర్నాలు గిర్నాలు ఏమున్నా తీసెయ్ అన్నాడట. వాడు రాత్రంతా కూర్చుని ఒక్కొక్కటీ చూసుకుంటూ తీశాడు. కంచ గచ్చిబౌలి పోయింది. కేబుల్ బ్రిడ్జి ఉంది. చిలుకూరు ఉంది. ఒక పెళ్ళి, రెండు కేఫ్‌లు.

నేను పక్కనే ఉండి చూశాను. ఏమనాలో తెలియలేదు. వద్దు అనడానికి వాడి భవిష్యత్తు నా చేతిలో లేదు. 2011లో నేను హాస్టల్‌ని దాచుకుంది నేను నాలుగు మెట్లు పైనున్నానని ఎవరో అనుకోవాలని, నా సరదాకి. వీడు దాచుకుంటున్నది భయంతో. అద్దంలో చూసుకుంటూ దువ్వుకోవడం వేరు, ఎవరో తలుపు అవతల నిలబడి చూస్తున్నారని దువ్వుకోవడం వేరు. చోటుకీ మనిషికీ మధ్యలోకి ఇప్పుడు ఒక ఆఫీసరు కూడా వచ్చి కూర్చున్నాడు.

స్నాప్‌చాట్‌లోని స్నాప్ మ్యాప్‌లో వాడెప్పుడూ ఘోస్ట్ మోడ్‌లోనే ఉంటాడు, అంటే స్నేహితుల పటం మీద కనిపించడు. మా ఇంట్లో మాత్రం వాట్సాప్ లైవ్ లొకేషన్ పెట్టక తప్పదు వాడికి, రాత్రి తొమ్మిది దాటితే అక్క అడుగుతుంది. పదిహేను నిమిషాలు, గంట, ఎనిమిది గంటలు, మూడే లెక్కలు. ఈ నగరంలో 'ఒక్క రెండు నిమిషాలు, మలుపులోనే ఉన్నా' అనే పవిత్రమైన అబద్ధాన్ని చంపింది పటం మీద కదిలే ఆ చుక్కే. ఇంట్లో చొక్కా వేసుకుంటూ 'దారిలో ఉన్నా' అనే హక్కు హైదరాబాదీకి ఉండేది. ఇప్పుడు అక్క వంటింట్లోంచే అరుస్తుంది, "ఇంకా అమీర్‌పేటలోనే ఉన్నాడు వీడు!" ఈ నష్టం మీద ఎవరూ వ్యాసం రాయలేదు, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

ఇప్పుడు మేముండేది నిజాంపేట వైపు. గూగుల్ వాళ్ళు 2022లో స్ట్రీట్ వ్యూ మొదలుపెట్టిన పది నగరాల్లో హైదరాబాద్ ఉంది, మా ఇంటి పిన్ కూడా పటంలో సరిగ్గానే ఉంటుంది. అయినా వచ్చే ప్రతి డెలివరీ అబ్బాయీ ఫోన్ చేస్తాడు. మొన్న వర్షంలో ఒకతను చేశాడు. మాట చూస్తే పాలమూరు వైపు, ఊరికి కొత్త.

"అన్నా, లొకేషన్ కాడికే వచ్చిన. నాలుగు గల్లీలున్నయి, ఏ గల్లీ?"

"నీళ్ళ ట్యాంకు దాటాక రెండోది. పాల బూత్ ఉంటుంది చూడు."

"బూత్ బందున్నదన్నా, కనవడ్తలేదు."

వెనకాల ఎవరినో అడుగుతున్నట్టు వినిపించింది. ఒక నిమిషం తర్వాత మళ్ళీ లైన్లోకి వచ్చాడు.

"వేపచెట్టు గల్లీయా? గట్ల చెప్పొద్దా అన్నా ముందుగాల!"

ఆ వేపచెట్టుని రోడ్డు వెడల్పు చేసేటప్పుడు కొట్టేసి ఆరేళ్ళయింది. నేను గేటు తెరిచేసరికి బండి మలుపు తిరుగుతోంది.